పలకలేని అర్థం, అర్థం కాని పలుకు: ఒక తెలుగు నర్సుకు కాంజీ నేర్పిన కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లో జపనీస్ భాష నేర్పుతాను. కొన్నేళ్లుగా నా తరగతులకు వచ్చేవారిలో, నర్సింగ్ చదివి జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లాలనుకునేవారు పెరిగారు. 2019 ఏప్రిల్‌లో జపాన్ ప్రభుత్వం నిర్దిష్ట నైపుణ్యం ఉన్న విదేశీ పనివారి కోసం ‘తొకుతెయ్ గినో’ అనే వీసాను ప్రారంభించడం, 2021 జనవరిలో దాని మీద భారతదేశంతో అవగాహన ఒప్పందం కుదరడం ఇందుకు ముఖ్య కారణాలు. ఆ వీసాకు పని నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో కింది నుంచి రెండోదైన ఎన్4 స్థాయినో, దానికి సమానమైన మరో పరీక్షనో దాటాలి. ఈ కేస్ స్టడీ అలా వచ్చిన ఒక అభ్యర్థిని గురించి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. చైనా నుంచి జపాన్ చేరిన పదగుర్తులైన కాంజీలను చదవడంలో ఆమె చేసిన తప్పులను నెలల తరబడి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ధ్వనిని రాసే లిపికీ పదాన్ని రాసే లిపికీ ఉన్న తేడా నాకు పుస్తకాల కంటే ఆ తప్పుల్లోనే స్పష్టంగా కనిపించింది.

నేపథ్యం

అభ్యర్థినికి అప్పుడు 24 ఏళ్లు. వరంగల్ వైపు పల్లెలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, బీఎస్సీ నర్సింగ్ ఇంగ్లీషులో పూర్తిచేసి, రెండేళ్లు ఆసుపత్రి వార్డులో పనిచేసింది. తెలుగు, ఇంగ్లీషు, బడిలో నేర్చిన హిందీ కలిపి మూడు లిపులు ఆమెకు వచ్చు. పైకి వేరుగా కనిపించినా ఈ మూడింటి పని ఒక్కటే: గుర్తు చూడగానే ముందు నోరు కదులుతుంది, ఆ శబ్దం వెంట అర్థం వస్తుంది. రోమన్ లిపి హల్లునూ అచ్చునూ విడివిడిగా పక్కపక్కన పేరుస్తుంది. తెలుగూ దేవనాగరీ అచ్చును గుణింతపు గుర్తుగా హల్లుకు తగిలించి ఒకే అక్షరంగా కడతాయి.

ఆమె ఫిబ్రవరిలో చేరింది. డిసెంబర్ మొదటి ఆదివారం జరిగే ఎన్4 పరీక్ష మా లక్ష్యం. మొత్తం 180 మార్కులకు 90 రావాలి. అందులో భాషాజ్ఞానం, పఠనం కలిసిన 120కి కనీసం 38, శ్రవణానికి ఉన్న 60కి కనీసం 19 తెచ్చుకోవాలి. ఈ స్థాయికి ఎన్ని కాంజీలు రావాలన్న దానికి, 2010లో పరీక్ష పద్ధతి మారినప్పటి నుంచి, అధికారిక జాబితా లేదు. బోధకులం సుమారు 300 అనుకుని పాఠాలు వేసుకుంటాం. జపాన్‌లో పిల్లలు మొదటి తరగతిలో 80, రెండో తరగతిలో 160, ఆరేళ్లు పూర్తయ్యేసరికి మొత్తం 1,026 నేర్చుకుంటారు. పెద్దల రోజువారీ వాడుకకు నిర్దేశించిన జాబితాలో 2,136 ఉన్నాయి.

కానా నేర్చిన నెల

జపనీస్‌లో ధ్వనిని రాసే గుర్తులు రెండు వరుసలు: హిరగానా, కటకానా. రెండింటినీ కలిపి కానా అంటారు. ఒక్కొక్క దానిలో మూల గుర్తులు 46. ఆమె రెండు వారాల్లో రెండూ నేర్చుకుంది. తెలుగువారికి ఇది సులువుగా రావడానికి ఒక చరిత్ర ఉంది. కానా పట్టికలో అచ్చులు ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’, హల్లుల వరుసలు ‘క, స, త, న, హ, మ, య, ర, వ’. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సంస్కృత వర్ణక్రమ జ్ఞానమే ఈ అమరికకు మూలం. ‘చ’ ఉండాల్సిన చోట ‘స’, ‘ప’ ఉండాల్సిన చోట ‘హ’ కనిపిస్తాయి. జపనీస్‌లో నేటి హకారం పూర్వం పకారమే కనుక ఆ చోటు కూడా నిజానికి మన క్రమమే. పట్టిక బోర్డు మీద రాసిన రోజు ఆమె, “ఇది మన వర్ణమాలనే కద సార్” అన్నది. ఆ ఒక్క మాటతో ఆమె భయం చాలావరకు పోయింది.

అయితే కానా మన లిపి కన్నా ముతకది. తెలుగులో ‘క, కి, కు’ చూస్తే మూడింటిలో ఒకే హల్లు ఉందని రూపమే చెబుతుంది. హిరగానాలో ఈ మూడు గుర్తులకూ రూపంలో చుట్టరికమే లేదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో మనం మూడు హల్లులనూ ఒక దీర్ఘాన్నీ ఇమిడిస్తాం. కటకానాలో అది ‘సు-తొ-రీ’ అని మూడు గుర్తులూ ఒక పొడవు గీతగా విడిపోతుంది.

ఇక్కడే నేను ఒక పొరపాటు చేశాను. ఆమె కానా పాఠాన్ని తడబడకుండా, గట్టిగా, మంచి ఉచ్చారణతో చదివేది. అది విని చదువు సాగుతోందని నమ్మాను. ఏప్రిల్‌లో ఒక పేరా చదివించి, అందులో ఎవరు ఎక్కడికి వెళ్లారని తెలుగులో అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. తెలుగు చదవడం వచ్చిన మూడో తరగతి పిల్లవాడు భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజును కూడా పైకి చదవగలడు, అందులో ఒక్క వాక్యం బోధపడకపోయినా. ధ్వనిని రాసే లిపికి ఉన్న గొప్ప బలం అదే, గురువును మోసం చేసేదీ అదే. అర్థం లేని చదువు ఆ లిపిలో చెవికి దొరకదు.

బొమ్మల కథలు పనిచేసినంత మేర

కాంజీకి వచ్చాక పరిస్థితి తలకిందులైంది. చాలామంది బోధకుల మాదిరిగానే నేనూ బొమ్మల కథలతో మొదలుపెట్టాను. ఒక చెట్టు గుర్తు పక్కన మరొకటి వేస్తే తోపు, మూడు వేస్తే అడవి. చెట్టుకు ఆనుకున్న మనిషి అంటే విశ్రాంతి. సూర్యుడి పక్కన చంద్రుడు అంటే వెలుగు. నర్సింగ్ అనే మాటలోని మొదటి కాంజీ, చేయి కింద కన్ను. నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకుని కనిపెట్టి చూడడం అన్నమాట. అది చెప్పినప్పుడు ఆమె కళ్లు మెరిశాయి. మొదటి 60 కాంజీలు ఆమె ఆడుతూ పాడుతూ నేర్చింది.

ఇలా మొదలుపెట్టడం సులువని చాలాకాలంగా తెలుసు. 1971లో అమెరికాలో పాల్ రోజిన్, ఆయన సహచరులు ఇంగ్లీషు చదవడం పట్టుబడని రెండో తరగతి పిల్లలకు 30 చైనా గుర్తులను ఇంగ్లీషు మాటలుగా చదవడం నేర్పారు. చిన్నచిన్న ఇంగ్లీషు మాటలనే కూడబలుక్కోలేని ఆ పిల్లలు ఈ గుర్తులతో కట్టిన వాక్యాలు చదివారు. గుర్తు నేరుగా మాటను చూపిస్తే, మాటను ధ్వనులుగా విడగొట్టే శ్రమ తప్పుతుంది. కానీ 30 గుర్తులు వేరు, 300 వేరు. ‘తరువాత’, ‘అనుకొను’, ‘ప్రత్యేకం’ వంటి మాటలకు వచ్చేసరికి నా కథలు బలవంతంగా అల్లినవయ్యాయి. ఆమెకు కథ గుర్తుండేది, కాంజీ గుర్తుండేది కాదు.

క్రీ.శ. 100 ప్రాంతంలో చైనా పండితుడు షూ షెన్ తన నిఘంటువులో 9,353 గుర్తులను విడగొట్టి చూపినప్పుడే ఒక సంగతి తేలింది. బొమ్మగా పుట్టినవి కొద్ది మాత్రమే. అత్యధిక భాగం రెండు ముక్కల కలయిక. ఒకటి అర్థపు కోవను సూచిస్తుంది, రెండోది శబ్దాన్ని సూచిస్తుంది. అంటే పదలిపి అని మనం పిలిచే దానిలోనూ ధ్వని దాగి ఉంది. ఇది నాకు తెలియని విషయం కాదు. కానీ మొదటి మెట్టులోని విద్యార్థికి ఇది బరువవుతుందని పక్కన పెట్టాను. ఈ కేసులో నేను చేసిన రెండో తప్పు అది.

ఆగస్టు నాటి కాగితం

ఆ నెల పెట్టిన పరీక్ష కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో మూడు వాక్యాలు: బస్సు కోసం ఎదురుచూస్తున్నాను, గొడుగు పట్టుకుని ఉన్నాను, సమయం లేదు. ఎదురుచూడడం ‘మత్సు’, పట్టుకోవడం ‘మొత్సు’, సమయం ‘జికాన్’. ఆమె బస్సును పట్టుకుని నిలబడింది, గొడుగు కోసం ఎదురుచూసింది, సమయం దగ్గర ఖాళీ వదిలింది.

ఈ మూడు మాటల్లోనూ మొదటి కాంజీకి కుడి సగం ఒక్కటే. అది విడిగా నిలబడితే గుడి అని అర్థం, దాని శబ్దం ‘జి’. ఎడమ సగమే తేడా. ఎదురుచూడడంలో రెండు వాలుగీతలు, కింద ఒక నిలువుగీత ఉంటాయి. అది నడకకు గుర్తు. పట్టుకోవడంలో కొక్కెం తేలిన నిలువుగీతను రెండు గీతలు దాటుతాయి. అది చేతికి గుర్తు. సమయంలో మధ్య అడ్డగీత ఉన్న పెట్టె ఉంటుంది, అది సూర్యుడు. ఆమె పెన్సిల్ ఒత్తిడి చూస్తే కుడి సగం ప్రతిసారీ తీరుగా, ధైర్యంగా పడింది. ఎడమ సగంలో తుడిపేసి మళ్లీ రాసిన మరకలున్నాయి. పైగా ‘మత్సు’, ‘మొత్సు’ మధ్య తేడా ఒక్క అచ్చు. రూపంలోనూ ధ్వనిలోనూ రెండు మాటలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

ఆ వారం నోటుపుస్తకం మొదటి నుంచి తిరగేశాను. కానా తప్పులన్నీ ఒకే రకం: ఒక ధ్వనికి బదులు దాని దగ్గరి ధ్వని, ఫలితం భాషలో లేని మాట. కాంజీ తప్పులు అలా లేవు. ‘మందు’ అనే కాంజీ చూసి ‘కుసురి’ అనాల్సిన చోట ఆమె ‘బ్యోకి’ అన్నది, అంటే జబ్బు. శబ్దంలో ఈ రెండింటికీ పోలికే లేదు, అర్థంలో పక్కపక్క ఇళ్లు. మరికొన్నిచోట్ల ఆమె చెప్పిన మాట ఒక్కటే: “నోటికొస్తలేదు సార్, గని ఏందో తెలిసింది.” తెలుగులో, కానాలో ఆమెకు పలుకు ముందు వచ్చి అర్థం వెనకబడేది. కాంజీలో అర్థం ముందు వచ్చి పలుకు వెనకబడింది. జపాన్ వైద్యులు మెదడు గాయాల రోగుల్లో గమనించిన సంగతి ఇక్కడ గుర్తుకొచ్చింది. మెదడులో చెవి వైపుండే ఎడమ టెంపోరల్ లోబ్‌లో వెనుక, కింది వైపు దెబ్బతిన్నవారిలో కాంజీ చదవడం, రాయడం పోయి, కానా చాలావరకు నిలిచి ఉండే కేసులు నమోదయ్యాయి. రెండు లిపులకూ మనసులో దారులు పూర్తిగా ఒకటి కావు. నేను మాత్రం ఒకే దారిన రెండింటినీ నడిపించాలని చూశాను.

అంకె చెప్పిన పాఠం

సెప్టెంబరు నుంచి పద్ధతి మార్చాను. ముందుగా, పదలిపి ఆమెకు కొత్త కాదని చూపించాలనుకున్నాను. బోర్డు మీద ‘5’ అని రాశాను. తెలుగులో ఐదు, హిందీలో పాంచ్, ఇంగ్లీషులో ఫైవ్, జపనీస్‌లో గో. గుర్తులో ధ్వని లేదు, అర్థం మాత్రమే ఉంది. ఏ భాషలో చదవాలో చదివేవారికి తెలియాలి. తరువాత ‘1వ’ అనీ, ‘1స్ట్’ అనీ రాశాను. అంకె అదే అయినా పక్కనున్న తోక చూసి ఒకసారి ఒకటవ, మరొకసారి ఫస్ట్ అని ఆమె ఆలోచించకుండానే చదివింది. కాంజీ పక్కన వచ్చే హిరగానా తోక చేసే పని అచ్చం ఇదే. ఆ తోక ఉంటే సాధారణంగా స్వదేశీ జపనీస్ మాటగా చదవాలి. దాన్ని కున్‌యోమి అంటారు. మరో కాంజీతో జతకట్టి తోక లేకుండా వస్తే సాధారణంగా చైనా నుంచి వచ్చిన శబ్దంతో చదవాలి, అది ఓన్‌యోమి. ఒకే గుర్తుకు రెండు మూడు శబ్దాలు ఎందుకన్న విసుగు ఆమెకు ఆ రోజుతో చాలావరకు తగ్గింది.

ఇంగ్లీషు నుంచి కూడా ఒక సాయం దొరికింది. ‘న్యుమోనియా’కు ఇంగ్లీషులో మొదట పలకని ‘పి’ ఉంటుంది. ఆ మాటను ఆమె ఏనాడూ కూడబలుక్కుని చదవలేదు. కంటితో మొత్తంగా పట్టుకుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చాలాచోట్ల ధ్వనిని వదిలేసి మాట పుట్టుకను కాపాడుతుంది. వర్ణమాల లిపి, పదలిపి అని రెండు పెట్టెలు గీయడం తేలికే కానీ, నిజంగా వాడుకలో ఉన్న లిపులు ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట నిలుస్తాయి. తెలుగు ధ్వనికి బాగా దగ్గర, ఇంగ్లీషు కొంత దూరం, కాంజీ ఇంకా దూరం. కానీ దానిలోనూ ధ్వని పూర్తిగా చచ్చిపోలేదు.

ఆ ధ్వనిని పట్టుకోవడమే తరువాతి మెట్టు. కాంజీలను పాఠ్యపుస్తకం వరుసలో కాక, శబ్దపు ముక్క పంచుకునే కుటుంబాలుగా, అదీ ఆసుపత్రి మాటల నుంచి ఏరి ఇచ్చాను. ‘కెన్’ కుటుంబంలో కెన్‌సా అంటే పరీక్ష చేయడం, హొకెన్ అంటే బీమా, షికెన్ అంటే రాతపరీక్ష. మూడింటిలోనూ కుడి సగం ఒకటే, మూడూ ‘కెన్’ అనే పలుకుతాయి. ఎడమన మాత్రం ఒకదానికి చెట్టు, ఒకదానికి దిబ్బ, ఒకదానికి గుర్రం. ‘జి’ కుటుంబంలో సమయం పక్కన జిబ్యో చేర్చాను. పట్టుకోవడం, జబ్బు అనే రెండు కాంజీలు కలిస్తే మనిషిని వదలకుండా పట్టుకున్న జబ్బు, అంటే దీర్ఘవ్యాధి. వార్డులో బీపీ, షుగర్ రోగులను చూసిన మనిషికి ఆ మాట మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

గుణింతానికి అలవాటు పడిన కన్ను ఈ పద్ధతిని త్వరగా అందుకుంటుందని నా అనుభవం. ‘క’ అనే రూపాన్ని స్థిరంగా ఉంచి దానికి తగిలిన గుర్తును మాత్రం చూడడం మన పిల్లలు ఐదేళ్లకే నేర్చుకుంటారు. ఇక్కడా ఒక భాగం స్థిరం, ఒక భాగం చలం. తేడా ఏమిటంటే తెలుగులో తగిలిన గుర్తు కూడా ధ్వనే, కాంజీలో అది అర్థం. ఈ తేడాను పదే పదే చెప్పాను. లేకపోతే విద్యార్థులు ఎడమ సగాన్ని కూడా పలకబోతారు.

నియమం తప్పేచోట్లను దాచలేదు. ‘సెయ్’ కుటుంబంలో సెయ్‌కెత్సు అంటే శుభ్రత, అన్‌సెయ్ అంటే పడక విశ్రాంతి. రెండూ క్రమంగానే ఉన్నాయి. కానీ అన్‌సెయ్‌లోని అదే కాంజీ, సిరకు వచ్చేసరికి ‘జోమ్యకు’లో ‘జో’ అవుతుంది. ఈ శబ్దాలు జపాన్‌కు ఒకేసారి రాలేదు. ఐదు, ఆరు శతాబ్దాల ప్రాంతంలో ఒక పొర వచ్చింది, తాంగ్ వంశ కాలంలో మరొకటి వచ్చింది. ‘జో’ పాత పొరది, ‘సెయ్’ కొత్త పొరది. ఎదురుచూడడం అనే కాంజీకి చైనా శబ్దం ‘జి’ కాక ‘తాయ్’ కావడానికి కారణం ఇంకా పాతది: ప్రాచీన చైనా భాషలో దగ్గరగా ఉన్న శబ్దాలు కాలక్రమంలో దూరమయ్యాయి. కారణం చెప్పినంత మాత్రాన తప్పులు పోవు. కానీ అడ్డదిడ్డంగా కనిపించేదానికి ఒక చరిత్ర ఉందని తెలిస్తే విద్యార్థి లిపి మీద కోపం మానుకుంటుంది. చదువులో అది తక్కువ లాభం కాదు.

తెలుగు ఫురిగానా

కాంజీ మీద చిన్న కానాలో ఉచ్చారణ రాయడాన్ని ఫురిగానా అంటారు. ఆమె దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేది. పుస్తకంలో ప్రతి కాంజీ మీదా సన్నని పెన్సిల్ గీతలతో ‘మత్సు’, ‘జికాన్’, ‘బ్యోఇన్’ అని ఉండేవి. పాఠం చదువుతుంటే ఆమె కన్ను ఎక్కడుందో గమనించాను. పైనున్న తెలుగు మీదే ఉంది. కింద కాంజీ ఉన్నా లేకపోయినా ఒకటే. ధ్వని లిపి పక్కన నిలబడితే పదలిపి వైపు కన్ను తిరగదు, ఎందుకంటే చిన్నప్పటి నుంచి కుదిరిన దారి అదే.

పూర్తిగా నిషేధించడం నాకు నచ్చలేదు. ఒక ఒప్పందానికి వచ్చాం: వాక్యం మొదట మౌనంగా చదివి, తెలుగులో అర్థం చెప్పాలి, ఆ తరువాతే పైకి చదవాలి, నోటికి రాని కాంజీ మీద మాత్రమే తెలుగు రాయాలి, రెండుసార్లు సరిగా చదివిన వెంటనే ఆ తెలుగును చెరిపేయాలి. మౌనపఠనం ఆమెకు చాలా కష్టమైంది. పెదవులు వాటంతట అవే కదిలేవి. మన బడుల్లో పద్యం, ఎక్కం, పాఠం అన్నీ గొంతెత్తి చదివే అలవాటుతో పెరిగినవారికి, నోరు మూసుకుని చదవడం అసలు చదవడంలాగే అనిపించదు. సుమారు ఆరు వారాల తరువాత, అక్టోబరు చివరలో, ఆమె పుస్తకంలో తెలుగు పలచబడింది.

శ్రవణంలో మాత్రం ఎదురుదెబ్బ తగిలింది. జపనీస్‌లో అక్షరధ్వనులు కొద్ది కనుక ఒకే శబ్దానికి అనేక మాటలుంటాయి. ‘కాంగో’ అంటే నర్సింగ్. అదే శబ్దానికి చైనా మూలపు పదం అన్న అర్థమూ ఉంది. కంటికి రెండూ పూర్తిగా వేరు, చెవికి ఒకటే. మనకు ‘పాలు’ అంటే ఆవు ఇచ్చేవా, ఆస్తిలో వాటానా అన్నది సందర్భమే చెప్పాలి, రాసినా పలికినా ఒకటే రూపం. జపనీస్‌లో రాసినప్పుడు కాంజీ ఆ పని చేసిపెడుతుంది. మాటల మధ్య ఖాళీ వదలని ఆ రాతలో మాట ఎక్కడ మొదలైందో చూపించేదీ చాలావరకు కాంజీయే. అందుకే జపనీయులు కానా చేతిలో ఉంచుకుని కూడా కాంజీని వదులుకోలేదు. చూపు మీద మరీ ఎక్కువ ఆధారపడటంతో ఆమె చెవి కొంత వెనకబడింది. నవంబరంతా వినికిడికే కేటాయించాల్సి వచ్చింది.

చేతిరాతను నేను తగ్గించాను. ఎన్4 పరీక్షలో కాంజీ రాయాల్సిన పని లేదు, గుర్తిస్తే చాలు. పని చోట కూడా చాలావరకు కీబోర్డు మీద ధ్వని కొట్టి, తెరమీద వచ్చిన కాంజీల్లోంచి సరైనది ఎంచుకోవడమే. అయినా తికమక పడిన కాంజీలను మాత్రం, రెండు సగాలను రెండు రంగుల్లో, చేత్తో రాయించాను. ఇది సరైన నిర్ణయమేనా అన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది. చేతిరాత పూర్తిగా ఉంటే ఎడమ సగాలు ఇంకా ముందే కుదురుకునేవేమో.

ఫలితం

ఆమె డిసెంబరు పరీక్షలో ఎన్4 ఉత్తీర్ణురాలైంది. ‘మత్సు’, ‘మొత్సు’ తికమక మళ్లీ రాలేదు. అర్థం తెలిసి పలుకు రాని కాంజీలు మాత్రం చివరి వరకు కొన్ని మిగిలే ఉన్నాయి. సంరక్షణ పనికి అవసరమైన భాషా పరీక్ష కూడా పూర్తిచేసుకుని, మరుసటి ఏడాది ఆమె జపాన్ వెళ్లింది.

వెళ్లిన కొన్ని నెలలకు ఒక ఫోటో పంపింది. పగటి డ్యూటీవారు రాత్రివారికి అప్పగించే రాతలోంచి ఒక మాటను ఆమె తన చిట్టీలో ఎక్కించుకుంది. ‘జొకుసో’, పడకపుండు. అక్కడ మామూలు మాటల్లో దాన్ని ‘తొకొజురె’ అంటారు; రాతలో మాత్రం ఈ వైద్యపదమే ఉంటుంది, రెండు కాంజీలూ గీతలతో కిక్కిరిసి ఉంటాయి. మొదటి దాని ఎడమన బట్టకు గుర్తు. రెండో దాని మీద, పైనుంచి ఎడమకు వాలిన పందిరి, పక్కన రెండు చుక్కలు. ఆసుపత్రి మాటలో మొదటి నెలల్లోనే నేర్చుకున్న జబ్బు గుర్తు. బట్ట, జబ్బు అని చూసి అర్థం తానే ఊహించానని రాసింది. రెండో కాంజీ లోపలి ముక్క ఆమె రోజూ దాటే సామాన్ల గది తలుపు మీద ఉందట. ఆ గదిని ‘సోకో’ అంటారు. మొదటి దాని శబ్దం తెలియక సీనియర్‌ను అడిగింది.

చిట్టీలో మొదటి కాంజీ మీద సన్నగా, తెలుగులో ‘జొకు’ అని ఉంది. రెండో దాని మీద ఏమీ రాయలేదు.